వకీలు సాబు నిజం చేసిన నా అబద్ధం

వకీలు సాబు పోయారన్న వార్త నాకు బోధన్‌లో చాయ్ హోటల్ రేడియో చెప్పింది. మాజీ మంత్రి, నిజామాబాదు దవాఖానాలో తెల్లవారుజామున కన్నుమూశారని రెండు ముక్కలు చెప్పి వాతావరణం మీదికి పోయింది. సాసర్‌లో పోసుకున్న చాయ్ అట్లాగే వదిలేసి, సైకిలెక్కి ఊరికొచ్చి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

తప్పు వాళ్లది కాదు. కోటగిరి పోయే దిక్కున ఉన్న మా ఊళ్లో నా మాట చెల్లాలంటే ఇంకో ఇద్దరు అదే మాట చెప్పాలి. పటేలు మగ గుర్రం ఈనిందని చెప్పి సగం ఊరిని ఆయన వాకిట్లో నిలబెట్టినవాణ్ని నేను. పక్కింటి రాజవ్వ బియ్యం చెరుగుతున్న చాట ఆపి తిట్టింది.

"సావు మీద గూడ పరాచికమేనారా? నీ నోట్ల మన్నువడ."

ఎప్పుడూ మాటకు మాట అనేవాణ్ని తల వంచుకుని సైకిలు గోడకు ఆనించినందుకే ఆమెకు అర్థమైంది. చాట కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాది ఉర్దూలో ఆరో జమాత్ చదువు. తెలుగు అక్షరాలు తర్వాత పట్టుకున్నవి. రాతలో తప్పులుంటే సంపాదకులు దిద్దుకుంటారు. నా నోటి తప్పు దిద్దడం మాత్రం వకీలు సాబు ఒక్కరికే చేతనైంది. అదెట్లాగో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

బోధన్ కోర్టులో నల్లకోటు వేసుకున్న కాలం నుంచి మాకాయన వకీలు సాబే. ఎమ్మెల్యే అయ్యారు, హైదరాబాదులో మంత్రి అయ్యారు, ఓడిపోయి మళ్లీ చెరుకు వేసుకున్నారు. మా నోట్లో ఆ పేరు మారలేదు. మంత్రి అయిన కొత్తలో ఎవరో 'గౌరవనీయులు' అంటే, వెనక ఎవరొచ్చారా అని తిరిగి చూశారట. ఇది నేను పుట్టించింది కాదు.

అర్జీ ఇస్తే తీసి జేబులో పెట్టుకునే రకం కాదు. ఇచ్చినవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, పైకి చదివి వినిపించి, "నువ్వు చెప్పింది గిదేనా? రాసినోడు ఏమన్న కలిపిండా?" అని అడిగేవారు. చాలాసార్లు రాసినవాడు కలిపే ఉండేవాడు.

చెరుకు సీజన్లో ఆయన కారుకు బండి ఎదురైతే కారే బాట దిగాలి. డ్రైవరు మొదట్లో హారన్ కొట్టేవాడు.

"బండి నిండుగున్నది, కారు ఖాళీగున్నది. ఎవరు దిగాలె, నువ్వే చెప్పు," అన్నారట.

"కార్ల మంత్రి ఉన్నడు గద సాబ్," అన్నాడట డ్రైవరు.

"అందుకే ఖాళీ అంటున్న."

ఇక నా సంగతి. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చాక రెండు మూడేండ్లకు జరిగింది. నిజాంసాగర్ కాలువ మాకు చెరుకునిచ్చింది, బాటను తినేసింది. ఆ నల్లరేగడిలో నిండు బండి ఇరుసు దాకా దిగేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీవాళ్లు కొట్టమన్న రోజున చెరుకు కొట్టి వెంటనే తోలాలి. ఆగితే ఎండి తూకం పోతుంది. ఒక ఏడు మా బాపు బండి రోజున్నర బురదలో కూర్చుంది. ఎద్దు మోకాళ్ల మీద పడింది. బాపు దాని మెడ కింద తన భుజం పెట్టి లేపడం చూశాను.

అర్జీలు పెట్టి పెట్టి మా వేళ్లు అరిగాయి. మంత్రి వచ్చే బాట నాలుగు రోజుల్లో పడుతుందని, రాని బాట నాలుగేండ్లయినా పడదని ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినదాన్ని వాడుకున్నది నేనొక్కణ్నే.

మరుసటి ఏడు దసరా దాటాక, ఒక బుధవారం అదే చాయ్ హోటల్లో, తహసీలు చప్రాసి వెనక బల్ల మీద కూర్చున్నాను. హోటలాయనతో కొంచెం గట్టిగా అన్నాను: "సోమారం వకీలు సాబు మా ఊరికొస్తుండట. బండ్ల బాట జూస్తడట."

చప్రాసి చాయ్ సగంలో వదిలి లేచాడు.

తర్వాతి పని సర్కారే చేసుకుంది. చప్రాసి గుమాస్తాకు, గుమాస్తా తహసీల్దారుకు, తహసీల్దారు రోడ్ల ఇంజనీరుకు చెప్పారు. నిజమేనా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అడిగితే తనకు మాత్రమే తెలియదని బయటపడుతుంది కదా. శుక్రవారానికి ఎర్ర గరుసు నింపిన మొరం బండ్లు వచ్చాయి. శనివారం రోలరు వచ్చింది. బాట కొసన చెరుకు గడలతో స్వాగత కమాను లేచింది.

బాపు నన్ను పక్కకు పిలిచాడు. "నిజంగనే వస్తుండార?"

"సర్కారే నమ్మింది బాపు. కాదనడానికి నేనెవన్ని?"

ఆయన నవ్వలేదు. లోపలికి పోయి సందూకలోంచి తన పెండ్లి నాటి తలపాగా తీసి, నీళ్లు చల్లి, దండెం మీద ఆరేశాడు.

శనివారం సాయంత్రానికి హైదరాబాదు నుంచి తహసీల్దారుకు కబురొచ్చింది, అట్లాంటి ప్రోగ్రామే లేదని. చప్రాసి నా పేరు చెప్పాడు. పోలీసు ఠాణా పెద్ద, అమీన్ సాబు, మా ఇంటిముందు సైకిలు ఆపి, దిగకుండానే అన్నాడు: "సోమారం మంత్రి రాకుంటే నువ్వొస్తవు, ఠాణాకు. సర్కారును ఆగం జేసినందుకు కేసైతది. నీ బాపును గూడ పిలుస్త, కొడుకును గిట్ల పెంచినందుకు."

వకీలు సాబు ఆదివారాలు బోధన్ ఇంటికి వచ్చేవారు. పొద్దున్నే పోయాను. అరుగు మీద కూర్చుని పండ్లతో చెరుకు గడ ఒలుస్తున్నారు. కత్తితో కోసుకోవడం ఆయనకు ఇష్టముండేది కాదు. జరిగిందంతా చెప్పాను, మొదటిసారి ఏమీ కలపకుండా.

"బాట పడ్డదా?"

"పడ్డది సాబ్."

"మంచిగ పడ్డదా?"

"రోలర్ తిప్పిండ్రు."

"మరింక నాతోటేం పని? నీ పని అయిపాయె."

"మా బాపు సందూకలకెల్లి తలపాగ తీసిండు సాబ్."

ఆయన నమలడం ఆపారు. పిప్పి ఉమ్మి, గడ పక్కన పెట్టి, "పో," అన్నారు. అంతే. ఆ ఒక్క మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ సైకిలు తొక్కాను. అందులో వస్తాననీ లేదు, రాననీ లేదు.

సోమవారం కమాను కింద ఊరంతా నిలబడింది. ప్రోగ్రాం లేదన్నా, ఒకవేళ వస్తేనో అని ఆఫీసర్లూ నిలబడ్డారు. బాపు తలపాగా చుట్టుకుని, చేతిలో బంతిపూల దండతో ముందు ఉన్నాడు. నా పక్కన అమీన్ సాబు, నా భుజం మీద చెయ్యి వేసి, దోస్తులాగా. పొద్దు నెత్తి మీదికొచ్చింది. దండలో పూలు వాడాయి. బాపు నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపుకు నేనే ఠాణాకు పోతానని చెప్పబోయాను.

అప్పుడు కాలువ గట్టు మీద కారు కనిపించింది. ఎదురుగా చెరుకు బండి వస్తే బాట దిగి ఆగింది, బండి పోయాక మళ్లీ ఎక్కింది. అమీన్ సాబు చెయ్యి నా భుజం మీద నుంచి ఎప్పుడు తీశాడో నాకు తెలియదు.

వకీలు సాబు దిగి, ఆఫీసర్లను దాటి నేరుగా బాపు దగ్గరికి వచ్చి తల వంచారు. బాపు వేసిన దండ ఒక చెవికి తట్టుకుంది. ఆయనే సర్దుకున్నారు.

తహసీల్దారు చేతులు నలుపుకుంటూ, "సాబ్, మీ ప్రోగ్రాం మాకు అందలేదు," అన్నాడు.

"అందకుంటే ఈ బాట ఎవరేసిండ్రు?"

తహసీల్దారు ఇంజనీరు వైపు చూశాడు, ఇంజనీరు బాట వైపు. జవాబు నా దగ్గరుంది గానీ నన్నెవరూ అడగలేదు.

వెళ్లేముందు ఆయన నన్ను కారు చాటుకు పిలిచారు. "అబద్ధం బలం ఒక వానకాలం దాక ఉంటది. తర్వాత పార పట్టాలె. ప్రతి ఏడు దసరా దాటినంక గుంతలు నువ్వు పూడ్వాలె. నీ కేసుకు గిదే శిక్ష."

పూడ్చాను. మొదట ఒక్కణ్నే, తర్వాత ఊరు కలిసింది. మంత్రిగా ఉన్నన్నాళ్లు నేను కనిపిస్తే, "ఈ ఏడు నేనెటు వస్తున్ననో చెప్పురా," అని అడిగేవారు. ఫలానా ఊరి బాట బాగలేదని చెప్పేవాణ్ని. నిజంగానే వచ్చేవారు. నా నోరు ఒకరికి పనికొస్తుందని నాకు తెలియజెప్పింది ఆయనే.

ఆయన ఓడిపోయిన ఎన్నికలో నేను ఓటు వేయలేదు. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరసలో ఉండిపోయాను. తర్వాత పోయి ఒప్పుకున్నాను. ఆయన గడ ఒలవడం ఆపలేదు. "నీకు నిజం చెప్పుడు అలవాటైతున్నది. జర పైలం," అని, ఒలుస్తున్న గడ విరిచి సగం నా చేతిలో పెట్టారు.

ఆయన సొంత ఊరు మా ఊరికి అవతల. చుట్టు తిరిగిపోయే తారు రోడ్డు ఉన్నా, దగ్గరి దారి మాదే. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం, దవాఖానా నుంచి ఆయన్ను ఆఖరిసారి లారీలో మా బాటనే తీసుకొస్తారని తెలిసింది. మాజీ కనుక మొరం బండ్లు రాలేదు, రోలరు రాలేదు. ఈ ఏడు మోకాలు నొప్పి అని సాకు చెప్పి నేనూ గుంతలు పూడ్చలేదు. పార తీశాను. వెనక తిరిగి చూస్తే, పొద్దున నన్ను నమ్మనివాళ్లంతా పారలతో ఉన్నారు. రాజవ్వ బిందెతో నీళ్లు చల్లుతోంది.

లారీ వచ్చేసరికి ఎదురుగా ఆరు చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోతున్నాయి. తోలేవాళ్లు చూసి ఎడ్లను చేనులోకి మళ్లించబోయారు. ముందు సీటులో కూర్చున్న ఆయన పాత డ్రైవరు కిందికి దిగి, వద్దని చెయ్యి ఊపాడు. లారీయే రెండు చక్రాలు చేనులోకి దించి ఆగింది. బండ్లవాళ్లు దిగి, తలపాగాలు చేత పట్టుకుని, ఎడ్ల పక్కన నడుస్తూ ఒక్కొక్కటే దాటించారు. గడల కొసలు లారీ చెక్కను రాసుకుంటూ పోయాయి. ఆఖరి బండి దాటేటప్పుడు, లారీకి కట్టిన దండలోంచి ఒక బంతిపువ్వు తెగి గడల మధ్య చిక్కుకుంది. అట్లాగే తడి మొరం మీద బోధన్ వైపు పోయింది.