తాత హాజరు

మా జొన్నచేను కాచే తాత పోయాడని మొన్న ఆదివారం తెలిసింది. ప్రొద్దుటూరు దగ్గర కూతురింట్లో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడట. కబురు తెచ్చిన అల్లుడు గుమ్మంలోనే నిలబడి, "పోయే ముందు ఒకటే మాట పట్టుకున్యాడప్పా. నేను ఈడికొచ్చినట్టు కోయిలకుంట్ల టేషన్లో చెప్పినారా, చెప్పినారా అని" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పుట్టడంతోనే దొంగలని తెల్లదొరలు పట్టీ రాసిపెట్టిన కులాల్లో తాతది ఒకటి. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. అయినా వయసంతా పొద్దుగూకే వేళకు పోలీసు స్టేషనుకు పోయి వేలిముద్ర వేశాడు. పొరుగూరు పోవాలంటే చీటీ రాయించుకునేవాడు. స్వరాజ్యం వచ్చింది, ఆ చట్టమూ పోయింది. తాత మాత్రం స్టేషనుకు పోవడం మానలేదు.

"దేశం మనదయింది కదా తాతా, ఇంకా ఎందుకు?" అని కసురుకునేవాణ్ని. నాది ముక్కుమీది కోపం.

"మనదంటే, మాది గూడానా అప్పా?" అనేవాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగేవాడు.

ఎవరింటికి పోయినా వీధి మలుపులోనే గట్టిగా దగ్గేవాడు. "సప్పుడు లేకుండా వచ్చినోన్ని ఎవురు నమ్ముతారు?" అనేవాడు. ఆయన కాపలాలో మా చేలో ఒక్క కంకి పోలేదు. ఆ సంగతి నలుగురిలో నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

మొదటి ఎలక్షన్లకు నేనే బలవంతాన బడికి తీసుకుపోయి ఓటు వేయించాను. వేలికి సిరా పూసేసరికి తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మల్లా రాసుకున్యారా అప్పా నన్ను?" అంటూ ఆ వేలు పంచెకు రుద్దుతూనే ఉన్నాడు. ఓటేసిన ప్రతివాడికీ పూస్తారని నా వేలు చూపించాను. రెండు వేళ్లూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రం కూడా స్టేషనుకు పోయాడు.

కూతురి దగ్గర ఉండమని పోయిన నెల బండెక్కించిందీ నేనే. "చీటీ లేకుండా పోతాండా, ఏం గాదు గదా? శానా బయంగా ఉండాది" అని బండి కదిలేదాకా గొణిగాడు. స్టేషన్లో నేను చెబుతాలే అన్నాను, ఊరికే నోరు మూయించడానికి. చెప్పలేదు.

అల్లుడు వెళ్లాక స్టేషనుకు పోయాను. తాత పోయాడు, పట్టీలో పేరు కొట్టెయ్యండి అన్నాను. కొత్తగా వచ్చిన రైటరు అలమారా అంతా వెతికి, "అట్లాంటి పట్టీ లేదప్పా, ఎప్పుడో ఎత్తేసినారు. యాడ కొట్టేసేది?" అన్నాడు.

సంతోషించాల్సిన మాటే. కానీ నేను వెనక్కి తిరగలేదు. ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, ఈయన ఈ ఊరివాడు, కూతుర్ని చూడబోయాడు అని రాసి, కింద నా సంతకం పెట్టి ఇచ్చాను. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక రైటరు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.