మడమలు వేసే వదిన

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి మా గదిలో వదిన ఇంకా అడుగు పెట్టకముందే ఆవిడ పని వచ్చి కూర్చునేది. సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీది మేడగది అది. కింద నుంచి ట్యూబులకి వేసే జిగురు వాసన వస్తుంది, పైన మా ఉన్ని వాసన. కిటికీ పక్కన ఉన్న చేతుల్లేని కుర్చీ వదినది. మోచేతులు ఆడాలి కాబట్టి చేతుల కుర్చీ ఆవిడకి పనికిరాదు. ఆ కుర్చీ ముందు బల్ల మీద మడమల్లేని మేజోళ్ళు కుప్పగా పడి ఉంటాయి.

తొడుక్కునేవాళ్ళకి మేజోడు ఒకటే వస్తువు. అల్లేవాళ్ళకి మూడు. పైన కాలికి ఒక గొట్టం, కింద పాదానికి ఒక గొట్టం, ఆ రెంటికీ మధ్య మూల తిరిగే మడమ. గొట్టాలదేముంది, టీవీ చూస్తూ అల్లుకోవచ్చు, పోట్లాడుకుంటూ అల్లుకోవచ్చు. మడమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా అందరి చేతులూ చచ్చుపడిపోతాయి.

"వదినగారి బల్ల మీద పెట్టెయ్యండి." ఎనిమిదేళ్ళుగా ఆ గదిలో ఇన్నిసార్లు వినిపించిన మాట ఇంకోటి లేదు. ఆవిడ నాకొక్కదానికే వదిన, మా అన్నయ్య భార్య. నా నోరు విని ఊరంతా వదిన చేసేసుకుంది.

మేజోళ్ళు వెళ్ళేది ఎక్కడో మంచుకొండల మీద కాపలా ఉన్న సైనికులకి. మొదటి ఏడాది ఇరవైరెండు మందిమి ఉండేవాళ్ళం. పత్రికలో ఫొటో కూడా వేశారు. అందులో నాది సగం మొహమే పడింది, అయినా ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. ఆర్నెల్లలో వాళ్ళు కిందికి దిగి వచ్చేస్తారని అందరూ అన్నారు. ఒక దళం దిగింది, ఇంకో దళం ఎక్కింది. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. అక్కడ మనుషులు తగ్గలేదు గానీ ఇక్కడ మేము ఏడుగురికి దిగాం. గదికి పెద్ద దిక్కు డ్రిల్ టీచరమ్మ. ఉద్యోగం మానేసి పదేళ్ళయినా కుట్లు లెక్కపెట్టేటప్పుడు కవాతు చేయిస్తున్నట్టే ఉంటుంది. భార్య మిగిల్చిపోయిన ఉన్ని పాడవకూడదని వచ్చి, ఆ ఉన్ని అయిపోయాక కూడా వెళ్ళిపోని బస్సు కండక్టరుగారు ఒకరు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని తోడికోడళ్ళు ఇద్దరు, మందుల షాపావిడ, నేను. ఆపైన వదిన.

వదిన ముప్పైఒక్క ఏళ్ళు ఆసుపత్రి బట్టల గదిలో పనిచేసింది. మాసినవి తీసుకోవడం, ఉతికినవి మడతపెట్టడం, చిరిగినవాటికి మాసికలు వేయడం. అక్కడ డాక్టర్లని పేర్లతో పిలిచేవారట, నర్సులని సిస్టర్ అనేవారట, ఈవిడని మాత్రం "ఇదిగో, దుప్పట్లూ" అని కేకేసేవారట. అది ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నేనూ పకపకా నవ్వేశాను. ఇంటికి వెళ్ళి అన్నం కలుపుకుంటుంటే ఎందుకు నవ్వానా అనిపించింది.

మడమ వేయడం పదకొండో ఏట వాళ్ళ పెద్దమ్మ దగ్గర పట్టుబడింది ఆవిడకి. ఇన్నేళ్ళ తరువాత ఈ మేడగదిలో మొదటిసారి ఆవిడ కోసం మనుషులు ఎదురుచూశారు. ఆ రుచి ఎలాంటిదో నేను ఊహించుకోగలను. అందుకే ఎవరైనా నేర్పమని అడిగితే కాదనేది కాదు గానీ, సూదులు టకటకలాడించి, "ఇలా, ఇలా, ఇదిగో ఇలా, చూశావుగా?" అని మేజోడు ఒళ్ళో వేసుకునేది. ఏం చూశామో మాకు తెలిస్తే ఒట్టు. నేనొకసారి పంతానికి పోయి రెండు రోజులు కూర్చుని ఒక మడమ వేశాను. బాతుముక్కులా వచ్చింది.

"బాగుందే మరదలా. కాలికి కాదు గానీ, కెటిలు మూతికి తొడిగితే టీ చల్లారదు" అంది, గదంతా వినేలా.

నాకు నలభై ఎనిమిదేళ్ళు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మళ్ళీ అడగలేదు.

ఈ ఏడాది ఆవిడ కుడిచేతి బొటనవేలు మొదలు దగ్గర వాచింది. వాళ్ళింట్లో కూర్చున్నప్పుడు మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో ఎత్తడం చూసి, బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు నెలలు ఆ వేలికి సెలవన్నాడాయన. వినకపోతే కోసి చూడాల్సి వస్తుందన్నాడు. గట్టి పట్టీ ఒకటి కట్టాడు. ఆ తరువాతి మంగళవారం మేడమెట్ల దగ్గర ఆ పట్టీ విప్పి సంచిలో కుక్కడం నా కళ్ళారా చూశాను.

"ఏంటిది వదినా?"

"నువ్వు చూడలేదు. పద."

"అన్నయ్యకి చెప్తా."

"చెప్పుకో. వంట ఆయనే చేస్తున్నాడు కాబట్టి వేలి సంగతి ఆయనకి తెలుసు. టీచరమ్మకి మాత్రం చెప్పావంటే ఊరుకోను."

"పోనీ మాకు నేర్పేయరాదా? నీకూ విశ్రాంతి."

మెట్టు మీద ఆగి గోడకి చేయి ఆనించుకుంది. కింద ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు. "అలిసిపోయానే" అంది. "రోజూ పడుకునేముందు అనుకుంటాను, ఇంక ఒక్క మడమ కూడా వేయలేనని. కానీ అందరికీ వచ్చేస్తే ఆ బల్ల మీద నాకోసం ఎవరు ఏం పెడతారు చెప్పు? ఊరికే వచ్చి కూర్చునే ముసలిదాన్నవుతాను." ఆ మాట అని, ఏదో తప్పు వాగినట్టు గబగబా మెట్లెక్కేసింది.

నాలుగు వారాల్లో మేజోళ్ళు తీసుకుని లారీ వెళ్ళాలి. బల్ల మీద నూటనలభై గొట్టాలున్నాయి. ఆ రోజు మూడో మడమ దగ్గర ఆవిడ చేతిలోంచి సూది జారి కింద పడింది. వంగింది. వేళ్ళతో పట్టుకోబోయింది. రెండుసార్లు ప్రయత్నించినా సూది లేవలేదు. డ్రిల్ టీచరమ్మ వచ్చి సూది తీసి ఇస్తూ చేయి చూసింది.

"ఇది బొటనవేలా వంకాయా? ఎప్పటినుంచి ఇలా ఉంది?"

వదిన నావైపు చూసింది. నేను ఉన్ని ఉండవైపు చూశాను. నిజం బయటపడటానికి ఇంక ఎంతోసేపు పట్టలేదు. "అయితే ఇవాళే నేర్పండి. కుర్చీలన్నీ ఇటు లాగండి" అని ఆజ్ఞ అయింది.

వదిన సంచిలోంచి పట్టీ తీసి మళ్ళీ కట్టుకుని, ఆ చేయి ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. "ముందు సగం కుట్లు పక్కన ఆపుకోవాలి. మిగతా సగంతో చిన్న గోడలాగా అల్లుకుంటూ పోవాలి. తరువాత వంచాలి."

"ఎన్ని వరుసలయ్యాక?" అంది టీచరమ్మ.

"సరిపోయినన్ని."

"వంచడం అంటే?"

"వరుస మధ్యలోనే ఆగి వెనక్కి తిరగడం. కుట్లు కలుపుకుంటూ తిరగాలి."

"ఎన్నో కుట్టు దగ్గర తిరగాలి? ఎన్ని కలపాలి?"

"అది... చేతికి తెలుస్తుంది."

"మా చేతులకి తెలియట్లేదమ్మా. నోటితో చెప్పండి."

వదిన ఎడమచేతి వేళ్ళు గాలిలో ఆడించి చూసుకుంది. అంకె రాలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ దాస్తోందని మేమనుకున్నాం, తను దాస్తున్నానని ఆవిడా అనుకుంది. తీరా చూస్తే ఆ దాచిన లెక్క ఆవిడ దగ్గరా లేదు. మొహం వెలవెలబోయింది పాపం.

కండక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "అయిపోయిన మడమ ఒకటి వరుస వరుసగా విప్పి చూద్దామా? ఏ దారిన వచ్చిందో వెనక్కి పోతే తెలుస్తుంది."

వదిన తను వేసిన మడమ ఒకటి ఎంచి, ఎడమచేత్తో పోగు లాగడం మొదలుపెట్టింది. నేను పక్కన పుస్తకం పట్టుకున్నాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకే అప్పగించారు. "ఇక్కడ ఒక కుట్టు విడి రెండయింది. ఇంకోటి మామూలుది. ఇక్కడ వెనక్కి తిరిగింది. మళ్ళీ ఒకటి రెండయింది..." ఆవిడ చెప్పడం, నేను రాయడం. రెండు గంటలు పట్టింది. చివరికి మడమ మాయమై, ఆవిడ ఒళ్ళో ముడతలు పడ్డ పోగు మిగిలింది. నేను ఆ పేజీలకి ఆరు జిరాక్సులు తీయించి, పేజీల మీద అంకెలు వేసి, పిన్నులు కొట్టి పంచాను. ఎంత గర్వపడ్డానో చెప్పుకుంటే సిగ్గు.

మరుసటి మంగళవారం బల్ల మీద ఆరు మడమలు వచ్చి పడ్డాయి. ఆరూ ఒకే రకం. చీలమండ దగ్గర కుచ్చులు కుచ్చులుగా విచ్చుకుని, గౌను అంచులా ఊగుతున్నాయి. మాటల్లేని తోడికోడళ్ళు కూడా ఒకరి మేజోడు ఒకరు చూసుకున్నారు.

"ఇదేంటి?" అంది టీచరమ్మ, తనది పైకెత్తి. "మనం పంపేది సైనికులకి. నాట్యం చేసేవాళ్ళకి కాదు."

"రాసినట్టే చేశానండీ. ఒకటి రెండు చేయమన్నారుగా. చేసుకుంటూ పోయాను, పెరుగుతూనే ఉన్నాయి. సూది మీద చోటు చాల్లేదు" అన్నారు కండక్టరుగారు.

అప్పుడు తట్టింది నాకు. మడమ విప్పుతూ రాసింది అది. కలిపిన కుట్టు విప్పితే ఒకటి రెండవుతుంది, అల్లేటప్పుడు రెండూ కలిపి ఒకటి చేయాలి. పైగా మొదటి పేజీలో ఉన్నది మడమకి ఆఖరు. చివరినుంచి వెనక్కి చదవాలని ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే పోయె, రాసిన మనిషినైన నేనూ అలాగే చేసి ఆరో గౌను తెచ్చాను.

వదిన ఒక్కొక్కటే ఎడమచేత్తో ఎత్తి చూసింది. నవ్వు మొదలైంది. భుజాలు ఊగేలా, దగ్గు వచ్చేలా నవ్వింది. శాలువా చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగింది గానీ తుడుచుకోవడం ఆగలేదు. అందరం తలో దిక్కూ చూశాం.

"ఇంత శ్రద్ధగా చేశారు" అంది చివరికి. "ఒక్క కుట్టు జారలేదు ఎవరికీ. ఇంత బాగా తప్పు చేసినవాళ్ళకి ఒప్పు చేయడం ఎంతసేపు? ఆ కాగితాలు తిరగెయ్యండి."

ఆ మధ్యాహ్నం కాగితాలు తిరగేసుకుని, ప్రతి రెండునీ ఒకటి చేసుకుంటూ కూర్చున్నాం. అందరికన్నా ముందు కండక్టరుగారిది పూర్తయింది. గంటన్నర పట్టింది ఆయనకి. నాలుక బయటపెట్టి మరీ అల్లారు. తీసుకెళ్ళి వదిన ముందు పెట్టారు. వదిన ఎడమ పిడికిలి అందులో దూర్చింది. మడమ బాగుందో లేదో ఆవిడ చూసే పద్ధతి అది. పిడికిలి చుట్టూ గిన్నెలా చక్కగా సర్దుకుంది. గదిలో సూదుల చప్పుడు ఆగిపోయింది.

"వదులైంది. విప్పండి."

ఆయన దాన్ని తీసుకుని తన కుర్చీకి వెళ్ళిపోయారు. అది వదులు కాదు. నాకు కనబడుతూనే ఉంది. నోరు విప్పి చెప్పడానికి ధైర్యం చాలక, జారని కుట్టు జారిందన్నట్టు నా మేజోట్లోకి వంగిపోయాను.

ఇంటికి వెళ్తూ బస్టాపులో బెంచీ మీద కూలబడింది వదిన. రెండు బస్సులు వెళ్ళిపోయినా లేవలేదు.

"అది వదులు కాదు" అంది.

"తెలుసు."

"నా మడమకన్నా అంచు శుభ్రంగా ఉంది. ఆయన సూదులు పట్టుకుని నాలుగేళ్ళు. నేను పట్టుకుని యాభై ఏళ్ళు. బాగుందనే మాట గొంతు దాకా వచ్చి రాలేదే." పట్టీ సర్దుకుంది. "విప్పేశాడంటావా?"

"నువ్వే కదా విప్పమన్నది."

"అవును. నేనే."

ఆ వారంలో మూడుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి మా ఇంట్లో పాలు పొంగుతుంటే, ఒకసారి నేను ఆఫీసులో ఉంటే, ఒకసారి ఊరికే. మూడుసార్లూ అదే మాట. "విప్పేసి ఉంటాడా?" వెనకాల అన్నయ్య గరిటె చప్పుడు, "ఆ మేజోడు గోల ఇంక ఆపుతావా" అనే కేక. నాకు విసుగొచ్చింది. నిద్రపోతున్నావా అని అడిగాను. లేదంది.

మంగళవారం వచ్చింది. ఈసారి మెట్ల దగ్గర పట్టీ విప్పలేదు. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. తన కుర్చీ దగ్గరికి పోకుండా నేరుగా కండక్టరుగారి ముందుకి వెళ్ళి నిలబడింది. అందరం ఉన్నాం. అందరం వింటున్నాం.

"పోయిన వారం నేనన్నది అబద్ధమండీ. మీ మడమ వదులు కాలేదు. బ్రహ్మాండంగా ఉంది. నాకే కడుపుమంట."

కండక్టరుగారు వరుస మధ్యలో ఉన్నారు. వరుస చివరిదాకా వెళ్ళి, అప్పుడు సూదులు ఒళ్ళో పెట్టారు. "నేను విప్పలేదు వదినగారూ. ఆ రాత్రే పాదం కూడా అల్లేసి, లారీలో పంపే పెట్టెలో వేసేశాను."

"విప్పమన్నానుగా?"

"ముప్పైనాలుగేళ్ళు బస్సులో తిరిగినవాణ్ణి. టికెట్టు తీసుకోకుండానే తీసుకున్నానని చెప్పేవాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదా?"

మందుల షాపావిడ నోటికి ఉన్ని అడ్డం పెట్టుకుంది. తరువాత వదినే, "జరిమానా ఎంతండీ?" అంది. ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వు కూడా పెద్దగా ఏం రాలేదు. అందరం అలిసిపోయి ఉన్నాం. ఆ వారమంతా ఆరుగురం ఇళ్ళల్లో మడమలతోనే కుస్తీ పట్టాం.

కుర్చీలో కూర్చుంది. ఎదురుగా బల్ల ఖాళీ. గొట్టాలన్నీ మా ఒళ్ళల్లో ఉన్నాయి. బల్ల మీద అరచేయి పెట్టి ఒకసారి రాసింది, దుమ్ము తుడుస్తున్నట్టు. కాసేపు, "అక్కడ తిరిగావా, ఇంకో కుట్టు పోయాక తిరగాలి" అని తోడికోడళ్ళలో ఒకావిడకి చెప్పింది. "మెల్లిగా లాగు, మరీ బిగిస్తే కాలికి కోసుకుంటుంది" అని నాకు చెప్పింది. ఆ తరువాత మాటల మధ్య ఎడం పెరిగింది. చూసేసరికి తల కిటికీ చెక్కకి ఆనుకుంది, నోరు కొంచెం తెరుచుకుంది. ఎనిమిదేళ్ళలో ఆ గదిలో వదిన కునుకు తీయడం మేమెవ్వరం చూడలేదు.

టీచరమ్మ లేచి కిటికీ తెర లాగింది. లెక్కలు గొంతులోనే చెప్పుకోవడం మొదలుపెట్టింది.

నాలుగున్నరకి నా మడమ పూర్తయింది. నా పిడికిలి దూర్చి చూసుకున్నాను. ఫరవాలేదనిపించింది. వదినకి చూపించాలని చేతిలో పట్టుకుని పక్కనే కూర్చున్నాను. గది తాళం వేసే వేళ దాకా ఆవిడ లేవలేదు, నేను లేపలేదు.