గుర్రం కొరికిన చెవి

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద నూడుల్స్ బండి దగ్గర వెనిగర్ వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పట్టపగలే, చుట్టూ కోచింగ్ పిల్లల గోలే. అయినా పంజాగుట్టలో సుగుణ మేడమ్ డార్క్‌రూమ్ తలుపు నా వెనకాల మూసుకున్నట్టే ఉంటుంది. ఫోటోలు కడిగే మందులదీ అదే పులుపు వాసన.

అప్పట్లో నేను ఇక్కడే ఓ స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాణ్ని. వచ్చిన ప్రతివాడిదీ ఒకటే పాట, "అన్నా, జర తెల్లగ చెయ్యి!" చేసేవాణ్ని, నాదేం పోయింది! ఓరోజు మేడమ్ వచ్చి తను తీసిన ఫోటోలు టచప్ కోసం నా ముందు పరిచింది. అన్నీ ఏసీ గార్డ్స్ బస్తీలో ఉండే సిద్దీలవి. నిజాం అశ్వదళంలో కొలువుకని ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు. "వీళ్లను తెల్లగ చేసినవనుకో, చెయ్యి ఇరగ్గొడ్త" అంది. నాకు ఆవిడ భలే నచ్చేసింది. ఖాళీ దొరికితే ఆమె డార్క్‌రూమ్‌లోనే ఉండేవాణ్ని.

ఆ సిద్దీలలో ముబారక్ తాతకు చూపు పోతోంది. డాక్టర్లు చేతులెత్తేశారు. కళ్లు పూర్తిగా పోకముందే తన తాత ముఖం చూడాలని ఆయన ఆరాటం. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. "మా దాదా చెవి గుర్రం కొరికింది బేటా, పైముక్క లేకుండె. గంతే తెలుసు" అనేవాడు.

మేడమ్ ఎక్కడెక్కడో తిరిగి, పాత సామాన్ల కొట్లో నిజాం అశ్వదళానిదని ఒక గాజు నెగెటివ్ పట్టుకొచ్చింది. కుర్చీలో ఎవరో ఇంగ్లీషు దొర, వెనక గుర్రం కళ్లెం పట్టుకుని ఇంకొకరు. ఓ మధ్యాహ్నం ముబారక్ తాతను ఎర్రదీపం కింద కూర్చోబెట్టి ప్రింటు వేశాం. దొర మీసంతో సహా దర్జాగా వచ్చాడు. వెనక మనిషికి తల ఉండాల్సిన చోట నల్లటి గుంట. కళ్లెం పట్టుకున్న పిడికిలి ఉంది, ముఖం లేదు.

"దొర ముఖానికి సరిపోను వెలుతురు ఇచ్చినం. అందరు గట్లనే ఇస్తరు" అంది మేడమ్. "ఇప్పుడు దొరను ఇడిసిపెట్టు."

ప్రింటు కాగితం వెలుతురు తగిలినకొద్దీ నల్లబడుతుంది. అందుకే వెలుతురు బాగా తగ్గించి ఇంకో కాగితం వేశాను. మందులో కాగితం ఊగుతుంటే ముందు కళ్లు వచ్చాయి. తిన్నగా మమ్మల్నే చూస్తున్నాయి. తర్వాత నుదురు, బుగ్గలు. దొర మాత్రం రాలేదు. అతని ముఖం, తెల్లకోటు కాగితం తెలుపులో కలిసిపోయాయి. కుర్చీ ముందు ఉత్త బూట్లు మిగిలాయి. అమ్మో, ఆ బూట్లు!

లైటు వేశాక తాత ఆ తడి కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకున్నాడు. "ముఖమైతే కనవడ్తుంది. చెవి కాడ కండ్లు ఆనతలేవు. నువ్వు సూడు బేటా. పైముక్క ఉన్నదా?"

చూశాను. ఇంకా దగ్గరికి వంగి మళ్లీ చూశాను.

"చెప్పురా" అంది మేడమ్.

"లేదు తాతా. పైముక్క లేదు."

ఆయన కాగితం మీద అరచెయ్యి ఆనించాడు. "గిన్నేండ్ల సంది గీడనే నిలబడ్డవా దాదా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మేడమ్ ఇప్పుడు లేదు. అప్పట్లో నేను పనిచేసిన స్టూడియోయే ఇప్పుడు నాదైంది. కోచింగ్ సెంటర్ల బ్యాచ్ ఫోటోలకు పిలుస్తారు. ముందు వరస కుర్చీల్లో సార్లు, ఎక్కడో వెనక గేటు నీడలో వాచ్‌మన్. నేను వెళ్లి ముందు అతని ముఖం దగ్గర వెలుతురు చూసుకుంటాను. "అన్నా, సార్లు ఈడున్నరు!" అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నేను కెమెరాకు కన్ను ఆనించేసరికి, ఆ నీడలోంచి ఎవరో అప్పటికే నన్ను చూస్తూ ఉంటారు.