కెమెరా ఊపిరి వదిలిన ఆదివారం

ఈ కథ ఇన్నేళ్లు రాయకపోవడానికి కారణం సిగ్గు అనుకునేరు. సిగ్గు నాకు మొదటి నుంచీ తక్కువే. అక్షరాలు రావు, అంతే. నలభై ఎనిమిదో ఏట చిక్కడపల్లిలో సాయంత్రపు బడికి పోయి నేర్చుకున్నాను. ఇప్పుడు చెయ్యి తిరిగింది కాబట్టి, ఒక ఖరీదైన కెమెరాను నా సొంత తెలివితో నీళ్లలో ముంచి ఎట్లా చంపానో మొత్తం చెప్తాను. నవ్వొస్తే ఆపుకోకండి, నాకు అలవాటే.

2012లో నేను అశోక్‌నగర్‌లో శైలజ మేడం ఇంట్లో వంట చేసేదాన్ని. ఆమెది వింత పని. వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని నీళ్ల అడుగుకు దిగి చేపలకు ఫొటోలు తీస్తుంది. ఏటా చలికాలం శిష్యులను విశాఖ తీసుకుపోయి, ఒడ్డు నుంచి నడిపించుకుంటూ సముద్రంలోకి దింపుతుంది. మిగతా ఆదివారాలు నారాయణగూడలో ఒక స్విమ్మింగ్ పూల్‌లో నేర్పేది. వాళ్ల రబ్బరు బట్టలు కడగడానికి నేనూ వెంటపోయేదాన్ని. పాలమూరు బావుల్లో చిన్నప్పుడే ఈత నేర్చినదాన్ని, గట్టు మీద ఎన్నాళ్లని కూర్చుంటాను? "నాకు గుడ నేర్పుండ్రి మేడం" అని వెంటపడ్డాను. విసుగొచ్చి రెండు నెలలు నేర్పింది.

ఒకనాడు తనే అన్నది: "యాదమ్మా, ఈసారి సముద్రంల రెండో కెమెరా పట్టేటోళ్లు కావాలె. వచ్చే ఆదివారం పూల్ అడుగున నా ఫొటోలు తియ్యి. మంచిగ తీస్తే విశాఖ వస్తవు. లేకుంటే లేదు."

అప్పటికి నేను సముద్రాన్ని టీవీలోనే చూశాను. ఇక నన్ను ఆపేదెవరు?

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "పాలమూరుల తాగనీకె నీళ్లు లేక పట్నం వస్తిమి. నీకు మునగనీకె నీళ్లు కావాల్నా?"

"కావాలె. మునిగి ఫొటోలు గుడ తీస్త."

"తియ్యి తియ్యి. చేపలు లైన్ల నిలబడి పాస్‌పోర్ట్ సైజు అడుగుతయి."

శనివారం మేడం కెమెరా పెట్టె నా చేతికిచ్చి తుడిచి పెట్టమన్నది. నీళ్లలో ఫొటోలు తీసేటప్పుడు కెమెరా ఆ అద్దాల పెట్టెలోనే కూర్చుంటుంది. మూత చుట్టూ ఉండే సన్నటి రబ్బరు నీళ్లను లోపలికి రానివ్వదు. ఆ రబ్బరు చూడగానే నాకు సర్వం తెలిసిపోయింది. ఇది కుక్కర్ రబ్బరుకు చెల్లెలు! ఇరవై ఏళ్లుగా పప్పు ఉడికిస్తున్నదాన్ని, నాకు తెలియని రబ్బరుంటుందా? వదులైన కుక్కర్ రబ్బరును ఏం చేస్తామో మీకూ తెలుసు. ఫ్రిజ్‌లో పెడతాం, బిగుస్తుంది. పైగా దీని మీద ఏదో జిడ్డు. "పాపం, చదువుకున్నోళ్లకు కడగడం రాదు" అని జాలిపడి గిన్నెల సబ్బుతో రుద్ది రుద్ది వదిలించాను. ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చాను. మీదికెళ్లి మెరుపు కోసం కొబ్బరి నూనె రాశాను. పెట్టెతో వచ్చిన కాగితం ఒకటుంది. అది ఇంగ్లీషులో ఉంది. నాకప్పుడు తెలుగు చదవడం కూడా రాదు కాబట్టి ఏ భాషకూ అన్యాయం చేయలేదు.

ఆదివారం మేడం శిష్యుల బెల్టులు బిగిస్తూ అడిగింది: "రబ్బరు చూసినవా?"

"నాకంటె మంచిగ ఎవ్వరు చూస్తరు మేడం?"

దిగే ముందు ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెప్పింది: "ఊపిరి బిగపట్టొద్దు. బుడగలు వస్తున్నయంటే అంతా మంచిగున్నట్టే. బుడగలు ఆగితేనే డేంజర్."

దిగాం. మేడం అడుగున మోకాళ్ల మీద కూర్చున్నది. నేను కెమెరా ఎత్తాను. పెట్టె మూల నుంచి సోడాలో లాగా సన్నటి బుడగలు! నా గుండె ఉప్పొంగింది. నాకు బుడగలు, మేడంకు బుడగలు, కెమెరాకు బుడగలు. ముగ్గురం క్షేమం!

ఒక ఫొటో తీశాను. మేడం రెండు చేతులూ ఊపింది. ఏం ఫోజు! ఇంకోటి తీశాను. పెట్టె వైపు వేలు చూపింది, పైకి చూపింది, నెత్తి కొట్టుకున్నది. ఆమెను అంత హుషారుగా ఎన్నడూ చూడలేదు. నా మీదికే ఈదుకుంటూ వస్తే, ఫొటోలో పట్టదని వెనక్కి జరుగుతూ మరీ వరసపెట్టి తీశాను.

అప్పుడు కెమెరా బుడగలు ఆగిపోయాయి.

మేడం మాట గుర్తొచ్చింది. బుడగలు ఆగితే డేంజర్! పక్కవాళ్లకు ఊపిరాడకపోతే మన సిలిండర్‌కున్న రెండో గొట్టం వాళ్ల నోటికి అందించాలని నేర్పింది కదా. అందించాను. పెట్టెకు.

మేడం నా భుజం పట్టుకొని పైకి తెచ్చింది. గట్టు మీద పెట్టె తెరిస్తే కూజా వంపినట్టు నీళ్లు.

"రబ్బరును ఏం చేసినవ్?"

"ఫ్రిజ్‌ల పెట్టిన మేడం."

"ఫ్రిజ్‌లనా!"

"కూరగాయల కాడ కాదు మేడం. పైన, ఐస్ అయ్యే దాంట్ల."

"మరి గ్రీజు?"

"జిడ్డని కడిగేసిన. కొబ్బరి నూనె పెట్టిన."

"ఇంకా నయం, పోపు పెట్టలేదు!"

శిష్యులు పగలబడి నవ్వారు. మేడం నవ్వలేదు. "విశాఖ లేదు, ఏం లేదు. ఇంటికి పో" అన్నది. నేను ఇంటికి పోలేదు. ఆమె ఇంటికే పోయి, ఎవరూ అడగకపోయినా చపాతీలు చేస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మేడం కెమెరాలోని కార్డు ఆరబెట్టి కంప్యూటర్‌లో పెట్టింది. ముప్పై ఒక్క ఫొటోలు, ఒక్కటీ చెడిపోలేదు. చేతులు ఊపే మేడం, వేలు చూపే మేడం, నెత్తి కొట్టుకునే మేడం. ఆఖరిదాంట్లో అద్దాల వెనక కళ్లు, ఆ కళ్లలో నాకోసం దాచిన తిట్లు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

చాలాసేపు చూసి అన్నది: "కెమెరా చస్తుంటే గుడ నీ చెయ్యి వణకలేదు కదనే!"

"మరి విశాఖ మేడం?"

"ముందు రబ్బరు సంగతి నేర్చుకో" అని కొత్త రబ్బరు తీసి, దాన్ని ఎట్లా చూసుకోవాలో చూపించింది.

ఆ తడి కెమెరా మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను: ఈ జన్మలో ప్రాణం లేనిదేదైనా బుడగలు వదిలితే అది ఊపిరి అనుకోను, దానికి నా గాలి పంచను.

మరునాడు పొద్దున్నే మేడం ఇంటికి పోయి, కొత్త రబ్బరుకు అసలు గ్రీజు పలుచగా రాశాను. కెమెరా లేని పెట్టెలో పొడి కాగితం పెట్టి, మూత బిగించి, బకెట్ నీళ్లలో ముంచి రెండు చేతులతో అడుగుకు నొక్కి పట్టుకున్నాను. మేడం లేచి వచ్చి చాయ్ అడిగింది.

"కాగితం తడుస్తదేమో గంట సేపు చూడాలె మేడం. ఇంక నలభై నిమిషాలున్నయి."

ఆమే వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించింది. "నీకు చక్కెర ఎంత?" అని అడిగింది. నేను నీళ్ల మీంచి కళ్లు తిప్పకుండానే "రెండు చెంచాలు" అన్నాను.