విమలక్క గుంటలో ఐదు చింతగింజలు

మా చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ మ్యాచిలో ఫౌళ్ళను వామనగుంటల పీట మీద లెక్కపెట్టేవాళ్ళం... నవ్వితే నవ్వండి, నిజమే చెబుతున్నాను.

పోలీస్ యాక్షన్ అయిన నాలుగైదేళ్ళ తర్వాతి సంగతి. నాంపల్లి స్టేషన్ వెనక మా ఆడపిల్లల బడి. మట్టి కోర్టు, రెండు కర్ర స్తంభాలు, వల లేని ఇనుప రింగులు... పాయింట్లు రాయడానికి ఒక పలక ఉండేది. ఎవరు ఎన్ని ఫౌళ్ళు చేశారో చూసుకోవడానికి మాత్రం ఏమీ లేదు.

మా డ్రిల్ టీచర్ శారద ఒకసారి మా ఇంటికి వచ్చి, నానమ్మ ముందున్న వామనగుంటల పీట చూసి అక్కడే ఆగిపోయింది. అటు ఏడు గుంటలు, ఇటు ఏడు గుంటలు... జట్టుకు ఆడేవాళ్ళు ఐదుగురు, బదులు వచ్చేవాళ్ళు ఇద్దరు. లెక్క సరిపోయింది. ఒక్కో పిల్లకు ఒక్కో గుంట, ఫౌల్ చేస్తే ఒక చింతగింజ. ఐదు పడితే ఆ పిల్ల బయటికి.

"నా పీట పరాయోళ్ళ చేతుల పెట్ట" అంది నానమ్మ. మ్యాచి ఉన్న రోజు తనే వచ్చి, కోర్టు పక్కన చాప వేసుకుని, పీట ముందు పెట్టుకుని కూర్చునేది.

నేను పొట్టిదాన్నని జట్టులోకి తీసుకోలేదు... ఆ పంతంతోనే విజిల్ ఊదడం నేర్చుకున్నాను. శారద టీచర్ ఏడాది నేర్పింది.

"లోకమంత బంతిని సూస్తది. నువ్వు చేతులు సూడు, కాళ్ళు సూడు. రింగు కింద ఎవరు మూడు సెకండ్ల కంటె ఎక్కువ నిలవడ్డరో సూడు. బంతి గీత దాటితే ఆఖరుకు ఎవరి చెయ్యి తాకిందో సూడు. పాయింట్లు పలక మీద ఉంటయి, ఫౌళ్ళు పీటల ఉంటయి... అయినా రెండూ నీ తలకాయల ఉండాలె" అనేది.

ఒకసారి ఆబిడ్స్ బడితో కప్పు మ్యాచి వచ్చింది. రిఫరీగా రావలసిన మాస్టారు రాలేదు. ఆడపిల్లల ఆటకు ఎండలో నిలబడడం ఆయనకు నామోషీ అట. టీచర్ తన విజిల్ తీసి నా మెడలో వేసింది. మా జట్టు కెప్టెన్ మా సొంత అక్క, విమలక్క. ఆబిడ్స్ పిల్లలు ఊరుకుంటారా?

"అక్క కెప్టెన్, చెల్లె రిఫరీ. ఇంక మేమెందుకు ఆడుడు? కప్పు మీరే పెట్టుకోండ్రి" అంది వాళ్ళ కెప్టెన్.

నాకు ఒళ్ళు మండింది. "ఆడి సూడుండ్రి" అన్నాను.

టీచర్ నన్ను పక్కకు పిలిచింది. "ఒక్కటి అటుఇటు ఊదితివా, ఇంక ఈ బడిల ఏ పిల్లకూ విజిల్ ఇయ్యరు. యాదికుంచుకో."

ఆట హోరాహోరీగా సాగింది. ఇంకా రెండు నిమిషాలుంది. మేము ఒక్క పాయింటు ముందున్నాం. ఆబిడ్స్ కెప్టెన్ బంతితో రింగు దగ్గర ఎగిరింది... విమలక్క ఆ పిల్ల చేతి మీద ఒక్కటిచ్చింది. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. విజిల్ ఊదాను.

"విమలక్కా, ఐదోది. బయటికి."

"ముందు పీట సూడు" అంది అక్క.

అందరం పీట దగ్గరికి పరుగెత్తాం. విమలక్క గుంటలో ఒకే ఒక్క గింజ ఉంది... నానమ్మ ఇప్పుడు వేసినది.

మా బడి పిల్లలు ఒకటే గోల. అక్క నా చెవి దగ్గరికి వచ్చింది. "సుశీ, పీటల ఒక్కటే ఉన్నది గద. గమ్మున ఆట సాగనియ్యి. కప్పు తెస్తనని నాన్నకు చెప్పి వచ్చిన."

పీట తప్పని నాకు తెలుసు, ఎలా తప్పిందో తెలియదు. తల ఊపితే మా బడి గెలుస్తుంది, అక్క సంతోషిస్తుంది, నన్ను పల్లెత్తు మాట అనేవాళ్ళుండరు. కానీ అంతకుముందు నాలుగూ ఊదింది నేనే... ఒకటి మోచేయి, ఒకటి తోపు, రెండు చేతిదెబ్బలు. ఏది ఎవరి మీద చేసిందో పేరుపేరునా అందరి ముందూ చెప్పాను.

"పీట ఏమన్నా చెప్పనీ. నేను ఐదు ఊదిన. నువ్వు బయటికి నడువు."

అప్పుడు నానమ్మ తన ఒళ్ళోకి చూసుకుంది. చీర కుచ్చిళ్ళలో నాలుగు చింతగింజలు...

మా ఇంట్లో ఆడే పద్ధతిలో గుంటలో నాలుగు గింజలు చేరగానే అవి ఆ గుంట గలవాళ్ళ సొంతం, వెంటనే ఎత్తుకోవాలి. యాభై ఏళ్ళ అలవాటు మరి. విమలక్క గుంటలో నాలుగోది పడగానే నానమ్మ చెయ్యి దానంతటదే ఎత్తేసింది.

"నాలుగైతే ఎత్తుకుంటం గదనె... చెయ్యి ఆగలె. చిన్నపోరి చెప్పిందే నిజం" అంటూ నానమ్మ నాలుగూ తిరిగి గుంటలో వేసింది.

అక్క బయటికి వెళ్ళింది. ఆబిడ్స్ పిల్ల ఫ్రీత్రోలు రెండూ వేసింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఎనిమిది రోజులు అక్క నాతో మాట్లాడలేదు, ఆ ఎనిమిది రోజులూ నాకు అన్నం సయించలేదు. మరుసటి మ్యాచికి మాత్రం రిఫరీగా ఆ పొట్టిపిల్లే కావాలని ఆబిడ్స్ బడివాళ్ళే కబురు పెట్టారు.

చుట్టాల్లో మాత్రం నాకు "సొంత అక్కను బయటికి పంపిన పిల్ల" అన్న పేరు ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో కూడా ఎత్తిపొడిచేవారు. పొడవనీ... పంపాను. మళ్ళీ ఆ కోర్టు, ఆ ఎండ వస్తే మళ్ళీ పంపుతాను.

ఇప్పుడు మా మనవరాలు ఆడే చోట ఫౌల్ పడితే బోర్డు మీద ఎర్ర అంకె వెలుగుతుంది. మంచిదే. మా మట్టి కోర్టు ఉన్న చోట ఇప్పుడు అన్నీ అంతస్తులే...

పీట నా దగ్గరే ఉంది. విమలక్క గుంటలో ఆ ఐదు గింజలూ ఉంచేశాను. అక్క మా ఇంటికి వచ్చినప్పుడల్లా కబుర్లు చెబుతూ చెబుతూ ఒకటి తీసి రొంటిన దోపుకునేది. తను వెళ్ళగానే నేను ఇంకొకటి వేసేదాన్ని. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

మీ ఇంట్లోనూ ఈ పీట ఉండేదా... నాలుగైతే ఎత్తుకునేవారా? మీ సొంతవాళ్ళ మీద మీరు ఊదిన విజిల్ ఏదైనా ఉంటే చెప్పండి, నేను తప్పు పట్టను.

పోయిన ఏడాది అక్క వెళ్ళిపోయింది. ఇప్పుడు గింజ తీసేవాళ్ళు లేరు... ఐదూ అలాగే ఉన్నాయి. అయినా అది ఫౌలే, అక్కా.