ఏ పుస్తకం సగంలో వదిలేశావు?

మా అక్క పనిచేసిన గ్రంథాలయంలో పిల్లల గదికి ఒకప్పుడు కిటికీ ఉండేది. దాన్ని మూయించింది అక్కే. కాస్త పెద్ద పిల్లలు చదివే పుస్తకాలు పెరిగిపోయి బీరువాలు చాలకపోతే, ఒక బీరువాను కిటికీకి అడ్డంగా జరిపించింది. నాలుగు రోజులకే కదా అనుకుంది. తర్వాత పుస్తకాలు పెరిగాయి గాని గోడలు పెరగలేదు. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటు కిందే కూర్చునేది. బయట వాన పడుతోందో లేదో, లోపలికొచ్చే పిల్లల తలలు చూసి తెలుసుకునేది.

ఇల్లు కూడా అదే వీధిలో. ముందు గదిలో బావ కుట్టుమిషను, వెనక వంటగది, మధ్యలో మేం ముగ్గురం. పొద్దున ఇంట్లోంచి గ్రంథాలయానికి, సాయంత్రం గ్రంథాలయంలోంచి ఇంటికి. "మీ అక్క లోకమంతా చుట్టొచ్చింది, చెప్పులు మాత్రం అరగలేదు" అని బావ నాతో అనేవాడు. అక్క నవ్వేది. ఒక్కోసారి నవ్వేది కాదు.

పిల్లలకి పుస్తకం ఎంచి ఇవ్వడంలో ఆమెకో పద్ధతి ఉంది. నీకేం ఇష్టం అని ఎవరినీ అడగదు. అలా అడిగితే పిల్లలు టీచరుకు నచ్చే జవాబు చెబుతారట. "ఏ పుస్తకం సగంలో వదిలేశావు?" అని అడిగేది. అది చెప్పడానికి పిల్లలకి భలే హుషారు. దొంగ ఎవరో ముందే తెలిసిపోయిందని అపరాధ పరిశోధన కథ వదిలేసిన కుర్రాడికి, కూలిపోయిన ఒక రాజ్యం చరిత్ర ఇచ్చింది. ఎవరు ఓడిపోయారో మొదటి పేజీలోనే చెప్పేశారు, ఎలా ఓడిపోయారో చూడు అంది. వాడు తినడం మానేసి చదివాడని వాళ్ళమ్మ వచ్చి పోట్లాడింది. దెయ్యాల కథకి జడిసి పుస్తకం పరుపు కింద దాచేసిన పిల్లకి మళ్ళీ అదే పుస్తకం చేతిలో పెట్టింది. "సగంలో ఆపితే దెయ్యం నీ గదిలోనే ఉండిపోతుంది. చివరిదాకా చదివి దాన్ని సాగనంపు" అంది. గ్రహాంతర యాత్రలు విసుగన్న వాడికి నవ్వుల కథలు, నవ్వుల కథలు చిన్నపిల్లలకి అన్న వాడికి ఒక తోడేలు ఆత్మకథ.

ఆమెకు కావలసింది వేరే. గ్రంథాలయానికో పుస్తకాల వ్యాను ఉంది. అది ఊళ్ళు తిరిగి బడుల ముందు ఆగుతుంది. ఆ వ్యానులో పని కావాలని ఏటా అడిగేది. గ్రంథాలయాధికారి దేనికైనా "చూద్దాం" అంటాడు కాబట్టి అందరూ ఆయన్ని చాటుగా చూద్దాంగారనే పిలిచేవారు. ఆయన మంచివాడే. చెప్పేదీ నిజమే. మీరు కదిలితే పిల్లల గది మూతపడుతుందమ్మా, మీలా పుస్తకం ఎంచి ఇచ్చేవాళ్ళు ఇంకెవరున్నారు అనేవాడు. ఆ పొగడ్త విన్న రోజు అక్క ఇంట్లో గిన్నెలు గట్టిగా తోమేది.

ఒక ఏడాది వ్యాను చూసే ఆయన పదవీ విరమణ దగ్గర పడింది. ఇంకొకరికి పుస్తకం ఎంచి ఇచ్చే విద్య వస్తే తనను వదులుతారని అక్కకు తోచింది. చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరును పట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది. ఆయన అక్కకంటే పెద్ద, నోరు కూడా పెద్దదే. మొదట్లో పిల్లలకి "ఇది తీసుకో, గట్టి అట్ట, నీ మనవలు కూడా చదవొచ్చు" అని సిఫారసు చేసేవాడు. అక్క తలపట్టుకునేది. కాని ఆయన కళ్ళు చురుకు. ఒక రోజు ఓ సాహస కథను తెరిచి, "ఇదిగో చూడండమ్మా, పుస్తకం వెన్ను ఇక్కడే విరిగింది. అందరూ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నారు" అన్నాడు. ఇద్దరూ ఆ పేజీ చదివారు. ఓడ బయల్దేరేముందు సామాన్ల వర్ణన, ఎంతకీ తరగదు. అది దాటించి ఇస్తే పిల్లలు చదువుతారని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ రోజు అక్క ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

అప్పట్లో ఒక అమ్మాయి వచ్చేది. బడి కాగానే ఇంటికెళ్ళి చంటి తమ్ముణ్ణి ఆడించాలి, అందుకని గుమ్మంలోనే నిలబడేది. ఏ పుస్తకమిచ్చినా తిరిగి తెచ్చేసేది. "అన్నిట్లోనూ ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్ళిపోతారండీ. ఇంట్లోంచి కదలడానికి వీల్లేనివాళ్ళ పుస్తకం లేదా?" అని అడిగింది. అక్క బీరువాలన్నీ వెతికింది. నిజమే. ఓడలెక్కేవాళ్ళు, రాకెట్లెక్కేవాళ్ళు, అడవిలో తప్పిపోయేవాళ్ళు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ఆ పిల్ల అడిగింది నా గురించే అన్నట్టుందే అంది.

చూద్దాంగారు గది చూడ్డానికి వస్తానన్న రోజున అక్క కావాలనే గదిని బైండరుకు అప్పగించి సెలవు పెట్టింది. తను లేకపోయినా గది నడుస్తుందని ఆయన కళ్ళారా చూడాలి. ఇంట్లో కూర్చుని బావ కత్తిరించిన పీలికలు ఏరుతూ, గడియారం చూస్తూ గడిపింది.

ఏం జరిగిందో సాయంత్రం బైండరే వచ్చి చెప్పాడు. అధికారి గుమ్మంలో ఉండగానే ఆ అమ్మాయి వచ్చిందట. బైండరు ఆమె చేతిలో చీమల గురించిన పుస్తకం పెట్టాడు. "మీ వంటింటి గోడలోనే ఓ పెద్ద ఊరుందమ్మా. నువ్వు కదలక్కర్లేదు, నీ ముందునుంచే పోతుంటారు జనం" అన్నాడట. ఆ పిల్ల తమ్ముణ్ణి మరిచి గుమ్మంలోనే కూలబడి చదివిందట. అధికారి చాలాసేపు నిలబడి చూశాడట.

అది చెబుతూ బైండరు కుర్చీలో కూర్చోలేదు. చేతిలోని టోపీని తిప్పుతున్నాడు.

"వ్యాను నన్ను చూసుకోమన్నారమ్మా" అన్నాడు చివరికి. "బయటి పిల్లలకి ఇలాంటివాడు కావాలట. గదికి మీరున్నారు కదా అన్నారు. నేను వద్దనే అన్నాను."

బావ మిషను ఆగిపోయింది. అక్క ఏరిన పీలికలన్నీ మళ్ళీ నేలమీద పెట్టింది.

"వద్దని ఎందుకన్నారు? వెళ్ళండి. చీమల పుస్తకం నాకే తట్టలేదు" అంది.

బైండరు వెళ్ళాడు. ప్రతి ప్రయాణం నుంచీ అక్కకు పని పట్టుకొచ్చేవాడు. ఫలానా బడిలో ఓ పిల్లాడున్నాడు, ప్రాణం ఉన్నదేదీ చచ్చిపోని కథ కావాలంటున్నాడు, ఏమివ్వమంటారు అనేవాడు. అక్క ట్యూబులైటు కింద వెతికి, తను ఎప్పటికీ చూడని పిల్లల కోసం పుస్తకాలు తీసిపెట్టేది. మళ్ళీ ఎన్నడూ వ్యాను అడగలేదు. బీరువా జరిపించమని నేనంటే, పుస్తకాలెక్కడ పెట్టనే అనేది.

కొన్నేళ్ళకు అక్క జబ్బుపడి పని మానేసింది. అంతకు కొద్దిరోజుల ముందు ఒక మధ్యాహ్నం ఆమెకు అన్నం తీసుకెళితే గదిలో లేదు. పెరట్లో వ్యాను ఆగి ఉంది. లోపల బైండరు అరలు బిగిస్తున్నాడు, సుత్తి చప్పుడు వినిపిస్తోంది. అక్క ముందు, ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు పక్కన కూర్చుని ఉంది. అద్దానికి ఎదురుగా గ్రంథాలయం వెనక గోడ, సున్నం పెచ్చులూడి ఉంది. నేను ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు గోడనే చూసింది.

"ఎక్కడిదాకా వచ్చామే?" అంది.

ఇంకా చాలా దూరం ఉందక్కా, ముందు అన్నం తిను అన్నాను. సరేనని మూత తీసింది.