రాజమ్మ పాదాలు, మునెమ్మ పాట

2023లో తిరుపతిలోని మా ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఒక ఎల్పీ రికార్డు అట్ట పని వచ్చింది. పెళ్ళిపత్రికలు, లాడ్జీల కరపత్రాలు, భజన సీడీల కవర్లు డిజైన్ చేసుకునే నాకు అది పండగే. తెచ్చినవాడు బెంగళూరులో సొంతంగా పాటలు చేసుకునే ఒక బృందాన్ని నడుపుతాడు. పేరు కార్తీక్ అనుకుందాం. పాడింది మాత్రం నగరిలో పవర్‌లూమ్ నడిపే మునెమ్మ. ఉన్న పాటలన్నిటిలోనూ ఆమె గొంతే.

ఇలాంటి స్వతంత్ర సంగీతం అట్టలకు కొన్ని అలవాట్లున్నాయి. ముందువైపు మొహం కనపడకూడదు. ఫోటో గరుకుగా, వెలిసినట్టుండాలి. చీమల్లాంటి అక్షరాలు ఒక మూలన ఉండాలి, మిగతాదంతా ఖాళీ. కాగితం క్రాఫ్ట్ బోర్డు, అంటే అట్టపెట్టె రంగుది. వీటి మీద నాకేం కోపం లేదు, బాగా చేస్తే కంటికి హాయిగానే ఉంటాయి.

కార్తీక్ ఇచ్చిన ఫోటోలో మగ్గం తొక్కుతున్న పగిలిన పాదాలున్నాయి. అట్ట పుస్తకంలా తెరుచుకుంటుంది, దాన్ని గేట్‌ఫోల్డ్ అంటాం. తెరిస్తే బృందంలోని నలుగురి మొహాలు, పేర్లతో సహా, నిండుగా. మునెమ్మ పేరు ఎక్కడా లేదు. వెనక "నగరి నేతన్నలకు కృతజ్ఞతలు" అని ఒక్క ముక్క. అంటే మొహం దాచే నియమం పాడినామెకు మాత్రమేనన్నమాట. నాకు ఒళ్ళు మండింది. ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా, ఆమె చూస్తేగానీ మిషన్ ఎక్కించనని తెగేసి చెప్పాను.

మునెమ్మ నగరి నుంచి బస్సులో వచ్చింది. ప్రూఫ్ చేతిలోకి తీసుకుంది.

"ఈ కాళ్ళు నావి గాదప్పా. మా ఎదురింటి రాజమ్మవి. నాది కరెంటు మగ్గం, దాంట్లో తొక్కేదేముండాది?"

"పవర్‌లూమ్ ఫోటోలో బాగుండదమ్మా. ఇది ఒక గుర్తు, అంతే," అన్నాడు కార్తీక్.

"అట్లయితే పాడింది గూడా రాజమ్మేనని ఏసుకో నాయనా."

అప్పుడు దిగొచ్చాడు. పేరు పెడతానన్నాడు, కానీ కింద అంచున, బూడిద రంగులో. క్రాఫ్ట్ బోర్డు మీద తెల్ల ఇంకు పూత వేయకపోతే ఆ రంగు కాగితంలో కలిసిపోతుంది. "నల్లగా ఏద్దాం సార్, ఇదైతే కనపడదు," అన్నాను.

"అప్పుడు భజన సీడీలా ఉంటుంది," అన్నాడు.

ఉంటే ఉండనీ. భజన సీడీ మీద పాడినవాళ్ళ పేరు కళ్ళద్దాలు మర్చిపోయిన ముసలాయన కూడా చదువుతాడు. ఈమె తన పేరు చదువుకోగలిగితేనే వేస్తానన్నాను. ఫైలు పట్టుకుని వెళ్ళిపోయాడు.

అచ్చు ఇంకెక్కడో అయింది. కొన్ని నెలలకు మునెమ్మ తనకు పంపిన అట్టలు సంచిలో వేసుకుని వచ్చింది. ప్రెస్సు వాకిట్లో ఎండకు ఒకదాన్ని అటూ ఇటూ వంచింది.

"పేరేసినానని ఫోన్ జేసినాడు. యాడుండాదో సూపించప్పా."

వేలు పెట్టి చూపించాను. కళ్ళు చికిలించి చూసింది.

"ఇంత దాసిపెట్టేదెందుకు? నేనేమన్నా దొంగతనంగా పాడినానా?"

నా టేబుల్ మీది మార్కరు అడిగి తీసుకుంది. ఒక్కో అట్ట మీద, రాజమ్మ పాదాల పైన, ఇంటిపేరుతో సహా తన పేరు రాసుకుంది.

అప్పట్నుంచి ఏ అట్ట చేసినా ముందు పాడినవాళ్ళ పేరు పెడతాను, చేయి చాపి పట్టుకున్నా చదివేట్టు. మిగిలిన జాగా ఎంత ఖాళీగా ఉంచమన్నా ఉంచుతాను. పాడినామె తన పేరు తనే రాసుకోవాల్సిన అట్ట మాత్రం మా ప్రెస్సులో అచ్చవదు.